కుచ్చెళ్ళు ఎత్తిన దొర

తెల్లతోలు కనబడితే చాలు, దొరా అనడం మాకు అలవాటు. కోరంగి రేవులో పుట్టి ఓడల మధ్య పెరిగినవాణ్ణి, నాకది ఉగ్గుపాలతోనే అబ్బింది. అలాంటిది జర్మనీ రేవు హాంబుర్గులో ఒక తెల్లవాడు, "నన్ను దొరా అనకు" అని నా మీద కసురుకున్నాడు. అప్పుడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. దొరతనం వద్దనే దొరని అన్ని సముద్రాలు తిరిగినా నేను చూడలేదు. వీడెవడో మారువేషంలో ఉన్నాడనుకున్నాను.

అనుకున్నది నిజమే. కాకపోతే నేను ఊహించిన వేషం వేరు, అతను వేసిన వేషం వేరు. ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కితే ఆ మనిషికి ఉరి. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ముందు మాత్రం నా పీక గురించే నా భయమంతా.

నా పేరు కోటయ్య. చేసేది ఓడ వడ్రంగం, అందులోనూ పలకల సందుల్లో నార కూరి, పైన తారు పోసి, నీరు దూరకుండా చెయ్యడం. కలకత్తాలో కుంఫిణీ సరుకుల ఓడెక్కి లండన్ చేరాను. అక్కణ్ణుంచి ఇంకో ఓడలో హాంబుర్గు వచ్చాను. ఆ రెండో ఓడ కెప్టెనుకి కొరడా అంటే మహా ఇష్టం. నా వీపుకి మాత్రం అది ఎంతకీ అలవాటు కాలేదు. ఒక ఆదివారం అతను చర్చికి వెళ్ళగానే నేను ఓడ దిగిపోయాను. అలా పారిపోయిన కళాసీ దొరికితే ఏం చేస్తారో ప్రతి కళాసీకీ తెలుసు. వెతికి పట్టుకుని మళ్ళీ అదే కెప్టెనుకి అప్పగిస్తారు. ఆ తరవాత వీపు గురించి మాట్లాడుకోవడానికి వీపంటూ ఉండదు.

రేవు వెనకాల సందుల్లో వీబ్కే అనే విధవరాలి ఇంట్లో, అటక మీద పడుకోవడానికి చోటు దొరికింది. నేనావిణ్ణి వీబ్కమ్మా అని పిలిచేవాణ్ణి. చివర ఆ తోక ఎందుకు తగిలించావని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడిగేటన్ని మాటలు మా మధ్య లేవు.

ఆ ఏడే కలరా మొదటిసారి జర్మనీకి వచ్చింది. ఇంగ్లీషు లెక్కలో పద్దెనిమిదివందల ముప్ఫై ఒకటి. మా గోదావరి పక్క దాన్ని మరిడి అంటాం. మరిడమ్మకి జాతర చేసి, చల్లని నైవేద్యం పెట్టి, మంచి మాటలు చెప్పి పొలిమేర దాటిస్తాం. వీళ్ళకి ఆ మర్యాద తెలియదు. గోడలకి సున్నం కొట్టారు, సందు మొగలో తారు పీపాలు తగలబెట్టారు, ఉత్తరాలని కూడా పుల్లటి వెనిగర్‌లో ముంచి ఆరేశారు. హాంబుర్గు ఓడల్ని ఏ రేవూ రానివ్వకపోవడంతో పడవలన్నీ ఒడ్డునే కూలబడ్డాయి. ఎటు పోదామన్నా దారి లేదు.

ఈ రోగం ఇండియాలో పుట్టిందని పత్రికలు రాశాయిట. నేను ఇండియా నుంచి వచ్చానని నా మొహమే చాటుతోంది. ఇంకేముంది! రొట్టెల కొట్టువాడు నా చేతిలో కాసుని పటకారుతో అందుకునేవాడు. నేను దగ్గితే సందు సందంతా ఖాళీ అయ్యేది. వీబ్కమ్మ నా గిన్నె వేరు చేసి, గుమ్మం పక్కన మేకుకి తగిలించింది. ఒళ్ళు మండేది. కానీ వాళ్ళని అనడానికి నాకు నోరు రాలేదు. మరిడి తగిలిన ఊరినుంచి ఎవడైనా వస్తే మా కోరంగిలో మేమూ కర్రలు పట్టుకుని పొలిమేరలోనే ఆపేవాళ్ళం.

అలాంటి రోజుల్లో మా అటక మీదికి రెండో మనిషి దిగాడు. పేరు నేథన్ క్రిబ్. ఎముకల గూడులాంటి మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అమెరికాలో బోస్టన్ మా ఊరన్నాడు. నేను పనిచేసే పడవల షెడ్డులోనే అతనికీ రంపం పని దొరికింది. దొరా అనొద్దన్నది ఆ మొదటిరోజే. నన్ను మాత్రం కోటీ అని పిలవడం మొదలెట్టాడు, నా అనుమతి ఎవడికి కావాలి?

అతన్ని గమనించడం మొదలుపెట్టాను. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి ఆనించే కూర్చుంటాడు. రొట్టె ఇస్తే సగం తిని, సగం చొక్కాలో దోపుకుంటాడు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం చూడడు, చేతులు చూస్తాడు. బోస్టన్‌లో వీధులెలా ఉంటాయని అడిగితే, "వీధుల్లాగే ఉంటాయి" అన్నాడు. సొంత ఊరి గురించి అడిగితే ఎవడైనా అంత పొదుపుగా మాట్లాడతాడా? మావాణ్ణి కోరంగి గురించి అడిగి చూడండి, తెల్లారుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. మెట్ల సంగతి ఒక్కటే ఒక ఎత్తు. వీబ్కమ్మ ఇంట్లో మెట్లంటే నిచ్చెనకి తమ్ముడు, అంత నిటారు. ఒకరోజు క్రిబ్ నా ముందు ఎక్కుతున్నాడు. కుడిచెయ్యి తాడు మీద ఉంది. ఎడమచెయ్యి తొడ దగ్గర గుప్పిట మూసి, దేన్నో పట్టి పైకి ఎత్తుకున్నట్టుగా పెట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. వేసుకున్నది బిగుతు పంట్లాము.

నేను కింది మెట్టు మీదే నిలబడిపోయాను. ఆ చెయ్యి నాకు తెలుసు. కోరంగి రేవులో సావుకార్లు ఓడ నిచ్చెన ఎక్కేటప్పుడు, పంచె కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడకుండా సరిగ్గా అలాగే ఎడమచేత్తో ఎత్తి పట్టుకుంటారు. మా మావయ్య అలాగే ఎక్కేవాడు. నా పెళ్ళిలో అరుగు మెట్లు నేనూ అలాగే ఎక్కాను. పంచె కట్టి కట్టి అలవాటైన మనిషికి తప్ప ఆ చెయ్యి రాదు.

అంటే ఈ తెల్లవాడు మా దేశంలో, మా బట్టల్లో, ఏళ్ళ తరబడి తిరిగాడు. అలా తిరిగే తెల్లవాళ్ళెవరు? పాదిరీలు కాదు, వాళ్ళు నల్ల అంగీ విడవరు. పంచె కట్టి, బొట్టు పెట్టి, సంతల్లో కూర్చుని చెవులు రిక్కించే వాళ్ళు ఉంటారని మా కళాసీల పెద్ద, సరంగు, చెప్పేవాడు. కుంఫిణీ వేగులు! పారిపోయిన కళాసీల మీద కుంఫిణీకి ఎంత పగ లేకపోతే నాకోసం ఇంతదూరం వేగుని పంపుతుంది? నా విలువ అంతుందని అప్పటిదాకా నాకు తెలియదు. భయంలోనూ కాస్త గర్వపడ్డాను, ఎందుకు దాచాలి.

తెలుగు వచ్చో రాదో తేల్చుకుందామని, షెడ్డులో అతను రంపం లాగుతుండగా వెనకనుంచి, "ఒరే, కాలికింద పాము!" అని తెలుగులో అరిచాను. ఉలకలేదు, పలకలేదు. ఇంకోసారి వాళ్ళ అమ్మా నాన్నల గురించి, ఇక్కడ చెప్పలేని మాట ఒకటి నవ్వుతూ అన్నాను. అతనూ నవ్వి తల ఊపాడు. ఎంత గట్టి తాలీము ఇచ్చారో అనుకున్నాను. అనుమానం తీరకపోగా రెట్టింపయింది.

ఇంతలో కింది గదిలో బొగ్గు మోసే ముసలాయనకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి పోయాడు. మొహానికి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు వచ్చి ఆయన్ని పొడుగు కొంకీలతో లాగి బండిలో వేసుకుపోయారు. వీధి తలుపు మీద కాగితం అంటించి, కాపలావాణ్ణి పెట్టారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు. బయటినుంచి బుట్టలో రొట్టె, ఉప్పుచేప వస్తాయి. అలా వీబ్కమ్మ, క్రిబ్, నేను ఒకే కప్పు కింద చిక్కుకున్నాం. వీబ్కమ్మ నన్ను చూసి మూతి ముడిచింది. నేను క్రిబ్‌ని చూసి ముడిచాను. క్రిబ్ తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఎంతకని ఓర్చుకుంటాను? రెండోరోజు మధ్యాహ్నం, అటక కిటికీలోంచి కాస్త వెలుతురు పడుతుండగా, అడిగేశాను. మేం మాట్లాడుకునేది ఓడ ఇంగ్లీషు, సగం బూతులు, సగం తాళ్ళ పేర్లు.

"నాటకాలు చాలుగానీ, మా దేశంలో ఎక్కడున్నావు?"

"మీ దేశమా? నేనెప్పుడూ అటు రాలేదు."

"మరి పంచె కట్టడం నీకు ఎవరు నేర్పారు?"

అతనికి అర్థం కాలేదు. నేను లేచి, మెట్ల దగ్గరికి వెళ్ళి, ఎడమ గుప్పిట తొడ దగ్గర పెట్టి, అతను ఎక్కినట్టే రెండు మెట్లు దిగి ఎక్కి చూపించాను. "ఇది మావాళ్ళ చెయ్యి. నువ్వు రోజూ చేస్తావు. నన్ను పట్టుకోడానికే గదా వచ్చావు?"

క్రిబ్ నన్ను చూడలేదు. తన ఎడమచేతిని ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నేను అలా చేస్తున్నానా?" అన్నాడు.

"రోజూ."

"అందరికీ కనబడుతోందా?"

"కళ్ళున్నవాళ్ళకి కనబడుతుంది."

అతను పంట్లాము మోకాలిదాకా లాగాడు. రెండు చీలమండల చుట్టూ కడియం పెట్టినట్టు తెల్లగా, నున్నగా, వెంట్రుక మొలవని చర్మం ఉంది. "రెండు కాళ్ళకీ మధ్య గొలుసు ఉంటుంది," అన్నాడు. "వదిలేస్తే కాళ్ళకి అడ్డం పడుతుంది. నడుముకి పట్టీ కట్టి వేలాడదీసుకుంటాం. నిచ్చెన ఎక్కేటప్పుడు చేత్తో ఎత్తి పట్టుకోవాలి. నా గొలుసు తీసేసి ఏళ్ళయింది. చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు."

నాకు సిగ్గేసింది. కుచ్చెళ్ళట! నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఏం చెప్పాలో తెలీక, నా వంతు ఉప్పుచేప అతనికేసి తోశాను. చేప తీసుకోలేదుగానీ, కథ చెప్పాడు.

ఇంగ్లండులో సఫోక్ అనే చోట పుట్టాడు. బోస్టన్ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఒక చలికాలం పని దొరకలేదు, పొయ్యి వెలగలేదు. పక్క కామందు గొర్రెని ఒకదాన్ని తోలుకొచ్చి కోశాడు. జడ్జి నెత్తిమీద నల్లగుడ్డ కప్పుకుని ఉరి అన్నాడు. తరవాత దయతలచి, యావజ్జీవం ద్వీపాంతరం అన్నాడు. మా వైపునుంచి కుంఫిణీవాళ్ళు మనుషుల్ని పినాంగుకి ద్వీపాంతరం పంపుతారని నాకు తెలుసు. తెల్లవాళ్ళు తెల్లవాళ్ళని కూడా పంపుతారని నేనెన్నడూ వినలేదు. గొర్రె మీద వాళ్ళకి అంత ప్రేమ ఉంటుందనీ తెలియదు.

ముందు పుచ్చిపోయిన పాత ఓడలో, నదిలోనే, నెలల తరబడి కట్టేసి ఉంచారు. తరవాత సముద్రాలు దాటించి ఆస్ట్రేలియాకి దిగువన వాన్ డీమెన్స్ ల్యాండ్ అనే దీవిలో దింపారు. అక్కడ ఒక ఆసామికి పనికి అప్పజెప్పారు. ఆసామి బండి ఎద్దుకీ క్రిబ్‌కీ తేడా చూపించలేదు, కాకపోతే ఎద్దుని కొట్టడానికి మేజిస్ట్రేటు చీటీ అక్కర్లేదు. ఎదురుచెప్పాడని కొరడా. అడవిలోకి పారిపోయాడని ఇంకోసారి కొరడా. చివరికి దీవికి పడమటిపక్క, ఎప్పుడూ వానపడే ఒక రేవులో, నీళ్ళ మధ్య లంకలో పడేశారు. కాళ్ళకి గొలుసులతో మెడలోతు చల్లనీళ్ళలో దిగి దుంగలు తోసేవాళ్ళు. ఆ దుంగలతో సర్కారు ఓడలు కట్టేవాళ్ళు.

"గోడలుండేవా?" అని అడిగాను.

"గోడలెందుకు? మేమే గోడలం." చీలమండ మీద వేలు రాసుకుంటూ చెప్పాడు. "ఎవడైనా పారిపోవాలనుకుంటున్నాడని ఆఫీసరుకి ఉప్పందిస్తే పొగాకు ఇస్తారు. పెద్ద సంగతైతే గొలుసు తీసేస్తారు. అక్కడ ఒకటే న్యాయం, కోటీ. ముందు చెప్పినవాడు బతుకుతాడు. రెండోవాడికి చెప్పడానికేం మిగలదు."

"నువ్వు చెప్పావా?"

అతను నా చేతులకేసి చూశాడు. "మా ఊరివాడే, నాతోపాటు వచ్చాడు. ఇద్దరం కలిసి పడవ ఒకటి దొంగిలించాలనుకున్నాం. ఒకరోజు వాడు ఆఫీసరుతో మాట్లాడుతుండగా దూరంనుంచి చూశాను. ఏం మాట్లాడాడో వినపడలేదు. వాడు చెప్పేసుంటాడనుకుని, పరుగెత్తి నేనూ చెప్పాను. వాడు కాలిపుండుకి మందు అడుగుతున్నాట్ట. వాణ్ణి ఉరి తీశారు. నాకు గొలుసు తీసేశారు."

ఆ మాట చెప్పి, కథ అయిపోయినట్టే పంట్లాము కిందికి లాక్కున్నాడు. మిగిలింది నేనే లాగాల్సొచ్చింది. మంచి నడవడిక చూపించాడని ఊళ్ళో ఓడల షెడ్డుకి మార్చారు. అక్కణ్ణుంచి తిమింగిలాలు పట్టే అమెరికా ఓడలో పీపాల వెనక దాక్కుని బయటపడ్డాడు. ఓడలు మారుతూ ఇక్కడికి వచ్చాడు. ఇక్కణ్ణుంచి సఫోక్ గాలి బాగుంటే రెండురోజుల దూరం. భార్య అక్కడే ఉంది, లేదా ఉందనుకుంటున్నాడు. కానీ ద్వీపాంతరం నుంచి తిరిగొచ్చినవాడు ఇంగ్లండులో కనబడితే ఆ పాత ఉరి మళ్ళీ మెడకి తగులుకుంటుంది. అందుకే ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ మనిషి మీద అప్పటిదాకా ఉన్న అనుమానమంతా పోయి, మా ఇంటి మనిషిలా అనిపించాడు. నేనూ ఓడ దిగి పారిపోయినవాణ్ణేనని, దొరికితే నా గతి ఏమిటో మొత్తం చెప్పేశాను. ఒకరి గుట్టు ఒకరికి చెప్పుకున్నాక మావాళ్ళలో అయితే వరసలు కలిపేసుకుంటారు. ఇక ఇద్దరం అన్నదమ్ముల్లా ఉంటామనుకున్నాను.

తెల్లారేసరికి అతని చాప నా పక్కన లేదు. అటక రెండో మూలకి, మెట్లకీ కిటికీకీ మధ్య పరుచుకున్నాడు. నేను మెట్లు దిగితే వెనకే దిగాడు. కిటికీలోంచి కాపలావాడితో, బుట్ట ఆలస్యమైందని సైగ చేస్తే, "వాడితో ఏం చెప్పావు?" అన్నాడు. రొట్టె అందిస్తే, విషం భయం కాబోలు, నేను కొరికిన పక్కే తిన్నాడు. కూర్చున్న చోట అతని తొడ కింద ఉలి మెరిసింది.

"చెప్పింది నువ్వు. నేను అడిగానా?" అన్నాను.

"అడిగావు," అన్నాడు.

అదీ నిజమే. నాకు విసుగొచ్చింది. "నీ గుట్టు నా దగ్గరుంటే నాది నీ దగ్గర లేదా? నేను నిద్రపోవట్లేదా?"

"నీకు కొరడా, నాకు ఉరి. సమానం కాదు," అన్నాడు. తరవాత కొంచెం మెత్తగా, "నువ్వు మంచివాడివే, కోటీ. మా ఊరివాడూ మంచివాడే," అన్నాడు.

అలా రోజులు గడిచాయి. నన్ను కాపలా కాసి కాసి అతని కళ్ళు గుంటలు పడ్డాయి. తలుపు బయట కాపలావాడు, లోపల క్రిబ్. రోగం ఒక్కటే మమ్మల్ని పట్టించుకోలేదు.

ఒక ఉదయం కింద తలుపు దబదబ కొట్టారు. వీబ్కమ్మ పొయ్యి దగ్గరనుంచి కేకేసింది. నేను అటక కిటికీలోంచి చూశాను. కాపలావాడి పక్కన పొడుగు టోపీ, ముక్కుకి జేబురుమాలు పెట్టుకున్న కుర్ర ఇంగ్లీషు దొర, వెనకాల ఇద్దరు బంట్రోతులు. ఇంట్లో ఎవరెవరున్నారని కాపలావాడు అడిగితే, వీబ్కమ్మ ఒక హిందూస్తానీ, ఒక ఇంగ్లీషు మాట్లాడేవాడు అని చెప్పిందట. ఆ మాట ఇంగ్లీషు కాన్సల్ ఆఫీసు దాకా పోయింది. తమ రాజు మనుషులు ఎవరు ఎక్కడున్నారో చూసుకోమని వాళ్ళ గుమస్తాని పంపారు.

క్రిబ్ గోడకి అంటుకుపోయాడు. గుమస్తా పైకొస్తే అయిపోయినట్టే. ఆ కాళ్ళు చూపించమంటే చాలు.

"నువ్వు ఇక్కడే ఉండు, చప్పుడు చెయ్యకు. నేను మాట్లాడొస్తాను," అన్నాను.

"ఏం మాట్లాడతావు?"

"ఏదో ఒకటి. ఉండు."

చెప్పేటంత వ్యవధి ఉందా? అప్పటికే వాళ్ళు తలుపు గడియ తీస్తున్నారు. నేను గబగబా దిగాను. గుమ్మం దాటి రావొద్దని గుమస్తా దూరంనుంచే కర్ర అడ్డం పెట్టాడు.

"ఇంట్లో ఇంగ్లీషువాడు ఒకడున్నాడట. పిలువు."

నేనెప్పుడూ అంత బాగా అబద్ధమాడలేదు. ముందు తల దించుకున్నాను. తరవాత మెల్లగా చెప్పాను. "ఉండేవాడండి, దొరగారూ. రాత్రి వాంతులు మొదలయ్యాయి. పొద్దున పోయాడు. ఇప్పుడే పోయాడు. పైనే ఉన్నాడు." అంటూ మెట్ల పైకి చెయ్యి చూపించాను.

గుమస్తా రెండడుగులు వెనక్కి వేశాడు. జేబురుమాలు ముక్కుకి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. పైకి వెళ్ళి చూసే ఉద్దేశం అతనికి లేదని మొహంలోనే తెలిసిపోయింది. "పేరేమిటి?" అన్నాడు.

"బోస్టన్‌వాణ్ణన్నాడండి. పేరు నాకు తెలీదు."

"మరి నువ్వెవడివి?"

ఇక్కడ అబద్ధం ఆడితే ఇంకా అడుగుతాడు, ఇంకా నిలబడతాడు. అతను త్వరగా వెళ్ళాలంటే అతనికి ఏదో ఒకటి దొరకాలి. "కళాసీనండి. లండన్ ఓడ దిగి పారిపోయాను," అన్నాను. నా నోటితో నేనే అన్నాను. నా వీపు అప్పుడే మండడం మొదలెట్టింది. గుమస్తా సంతోషించాడు. వచ్చిన పని వట్టిపోలేదు కదా. కాపలా ఎత్తేశాక నన్ను తీసుకెళ్ళి ఓడెక్కిస్తామని, అప్పటిదాకా కదలొద్దని చెప్పి, వెనక్కి తిరిగాడు.

అప్పుడు వెనకాల మెట్ల మీద ధబధబ చప్పుడయింది.

క్రిబ్ మెట్ల మలుపులో ఉన్నాడని నాకు తెలియదు. అంతదూరానికి నా మాటలు వినపడవు. నా చెయ్యి మాత్రం కనబడింది, పైకి చూపించిన చెయ్యి. అతను చివరి మెట్లు దూకి నన్ను పక్కకి తోసేసి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీసి పక్కన పట్టుకుని, మడమలు కలిపి, చూపు నేలమీద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. అలా ఏ స్వేచ్ఛగల మనిషీ నిలబడగా నేను చూడలేదు.

"అయ్యా, ముందు నేను చెబుతాను," అన్నాడు రొప్పుతూ. "వీడి మాట నమ్మకండి. వీడు ఓడనుంచి పారిపోయిన కళాసీ. ఈ ఇంట్లోకి రోగం తెచ్చింది వీడే. నేను చూశాను. ప్రమాణం చేసి చెబుతాను."

గుమస్తా అతన్ని కాళ్ళనుంచి తలదాకా చూశాడు, తరవాత నన్ను చూశాడు, మళ్ళీ అతన్ని చూశాడు.

"వీడు కళాసీ అని వీడే చెప్పాడు," అన్నాడు నెమ్మదిగా. "పైన ఇంగ్లీషువాడు ఒకడు చచ్చిపడి ఉన్నాడనీ చెప్పాడు. అది నువ్వేనా?"

క్రిబ్ తల ఎత్తాడు.

"బతికున్న మనిషిని చచ్చాడని ఎందుకు చెబుతారు?" అన్నాడు గుమస్తా. కుర్రవాడే కానీ వెర్రివాడు కాదు. "దాక్కోవలసిన పని ఉంటే తప్ప. అదీ కాక, నీ వయసు నావికుడు నా ఎదుట టోపీ తీసి అలా నిలబడడు. ఎక్కడ నేర్చుకున్నావది?" ఆ తరవాత బంట్రోతులకేసి తిరిగి, "కాళ్ళు చూడండి," అన్నాడు.

ముట్టుకోవడానికి భయపడి వాళ్ళు కర్రలతోనే పంట్లాము ఎత్తారు. గుమస్తా వంగి చూసి, పెదవి కొరుక్కుని, వీడి విషయంలో కాపలా ఎత్తేదాకా ఆగక్కర్లేదన్నాడు. రెండు పొడుగు కర్రల మధ్య క్రిబ్‌ని పట్టి గుమ్మం దాటించారు. అతను పెనుగులాడలేదు. అతను చచ్చాడని నేను చెప్పానన్న గుమస్తా మాట తప్ప వేరే ఏదీ అతని చెవికి ఎక్కినట్టు లేదు. సందులో నాలుగడుగులు వేశాక ఆగి, వెనక్కి తిరిగాడు.

"నేను చచ్చానని చెప్పావా, కోటీ?"

"చెప్పాను."

"ఎందుకు?"

కోపం ముంచుకొచ్చింది. నీ మొహం, అన్నాను తెలుగులో. ఎందుకేమిటి, ఎందుకని అడిగే సంగతా అది? మెట్ల మీద రెండు నిమిషాలు ఆగలేకపోయావా? అంటూ నోటికొచ్చినదంతా తెలుగులోనే తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. తరవాత అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాను. "నువ్వు బతకాలని. అంతే."

అతను నమ్మలేదు. కర్రలతో ముందుకి నెడుతున్నా మెడ తిప్పి, నా చేతుల్ని వదిలి మొట్టమొదటిసారి నా మొహంలోకే చూశాడు. అతన్ని బతికిస్తే నాకేం ఒరుగుతుందో అక్కడ వెతుక్కుంటూ, సందు మలుపు తిరిగేదాకా అలా చూస్తూనే వెళ్ళాడు.